యేసు పేరు వినకుండానే పోయినవాళ్లు నరకానికేనా? నాలుగు జవాబుల్లో ఏది మేలు?

కాథలిక్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్ చేరి, రెండేళ్లకు పైగా అక్కడ సువార్త చెప్పాడు. కొత్తగా నమ్మినవాళ్లు ఆయన్ను అడిగిందేమిటంటే, చనిపోయిన మా అమ్మానాన్నలను ప్రార్థనతోనో దానంతోనో నరకం నుంచి తప్పించవచ్చా అని. దారి లేదన్నాడు. వాళ్ల ఏడుపు చూసి తనకూ దుఃఖం వచ్చిందని 1552లో రాసిన లేఖలో చెప్పుకున్నాడు.

మన దగ్గరా ఈ ప్రశ్న ఉంది. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో, అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర మిషనులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటికి రెండేళ్లుగా కరువు. యేసు పేరు వినకుండానే కన్నుమూసిన తాతలు, అవ్వలు వాళ్లందరికీ ఉండి ఉంటారు. వాళ్లకు ఏం చెప్పగలమన్నదే నాకు అసలు పరీక్ష.

మొదటి జవాబు కఠినమైనది: నమ్మి ఒప్పుకోనివాళ్లకు రక్షణ లేదు. 1442లో కాథలిక్ సంఘపు ఫ్లోరెన్స్ మహాసభ, సంఘం బయట ఉన్నవాళ్లు చనిపోయేలోగా అందులో చేరకపోతే నిత్యాగ్నికే పోతారని ప్రకటించింది. నా ద్వారా తప్ప ఎవరూ తండ్రి దగ్గరకు రారన్న యేసు మాట (యోహాను 14:6) దీనికి ఆధారం. ఇందులో తెగువ ఉంది, వేలమందిని సముద్రాలు దాటించిన తపన ఉంది. కానీ ఈ మాట గట్టిగా బోధించే పాస్టర్లే పసిబిడ్డను సమాధి చేసేటప్పుడు బిడ్డ దేవుని దగ్గర ఉందంటారు. ఆ బిడ్డ ఏం ఒప్పుకుంది? యేసుకు ఎంతో ముందే బతికిన అబ్రాహాముకు ఆయన పేరు తెలుసా? మినహాయింపు ఇద్దరికి ఇచ్చాక మూడోవారికి ఎందుకు లేదో చెప్పాలి కదా.

రెండోది, దుష్టులు నిత్యం కాలరు, చివరికి నశించిపోతారనేది. ఇంగ్లండ్ బోధకుడు జాన్ స్టాట్ 1988లో జంకుతూనే ఇటు మొగ్గాడు. ఆత్మను, దేహాన్ని కూడా నరకంలో నశింపజేయగలవాడికి భయపడమనే మత్తయి 10:28 దీనికి బలమే. అయితే ఇది శిక్ష ఎంతకాలమో చెబుతుంది గానీ ఎవరికో చెప్పదు. అవ్వ సంగతి అడిగినవాళ్లకు ఇది జవాబే కాదు.

మూడోది, చివరికి అందరూ రక్షణ పొందుతారనేది. మూడో శతాబ్దంలో ఓరిగెను, నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగరీ అనే తొలినాటి సంఘ బోధకులు ఆ ఆశతో రాశారు. వాళ్ల దృష్టిలో నరకాగ్ని శుద్ధిచేసే అగ్ని. నా మనసు ఇటే లాగుతుంది. అయినా సిద్ధాంతంగా ఒప్పుకోలేను. దేవుణ్ణి వద్దనే స్వేచ్ఛ మనిషికి ఉందంటే, అందరూ తప్పకుండా వస్తారని ముందే తీర్పు రాయలేం. ఆశపడవచ్చు, అంతే.

నాలుగోదే నాకు మేలనిపిస్తుంది. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు మనస్సాక్షి చూపిన దారిలో దేవుణ్ణి వెతికితే వాళ్లూ రక్షణ పొందవచ్చని 1964లో కాథలిక్ సంఘపు రెండో వాటికన్ మహాసభ చెప్పింది. ఫ్లోరెన్స్‌లో అంత కఠినంగా మాట్లాడిన సంఘమే ఇది. ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లోనూ దాని సారం రాసి ఉందని రోమా 2లో పౌలు అంటాడు. జేవియర్ కూడా జపనీయులతో, దేవుని ఆజ్ఞలు మీకు ముందే లోపల తెలుసని వాదించాడు. ఆ మాటను వాళ్ల తల్లిదండ్రుల దాకా తీసుకెళ్లకపోవడమే నాకు బాధ. యోహాను 14:6 కూడా ఇక్కడ చెక్కుచెదరదు. రక్షించేది క్రీస్తే. రక్షణ పొందేవాడికి ఆయన గురించి ఎంత తెలిసి ఉండాలో ఆ వచనం చెప్పడం లేదు.

దీనిమీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. తెలియకపోవడమే క్షేమమైతే సువార్త చెప్పి జనాన్ని ప్రమాదంలో పడేయడం ఎందుకు? కానీ తెలియకపోవడం ఎవరినీ రక్షిస్తుందని ఈ జవాబు అనడం లేదు, తెలియనందుకు దేవుడు శిక్షించడు అంటుంది. ఒంగోలు మాదిగలకు సువార్త చచ్చాక ఎక్కడికి పోతామన్న కబురు మాత్రమే కాదు. అంటరానివాళ్లని ఊరు దూరంపెట్టినవాళ్లకు మీరూ దేవుని బిడ్డలే అని చెప్పింది, వాళ్ల పిల్లల్ని బడికి పంపింది. నరకం భయం పక్కన పెట్టినా అది చెప్పవలసిన వార్తే.