పాత పెళ్లి కేసెట్, ఆల్బమ్‌లు డిజిటల్ చేయించాం, షాపు ఎలా ఉందంటే

విజయవాడ గవర్నర్‌పేటలో పాత వీడియో కేసెట్లు, ఫోటోలు డిజిటల్ చేసిచ్చే చిన్న షాపుంది, మా అమ్మానాన్నల పెళ్లి కేసెట్, తాతయ్య వాళ్ల ఆల్బమ్‌లు అక్కడే ఇచ్చాం. పని బాగా చేశారు, ధైర్యంగా ఇవ్వొచ్చు, కాకపోతే ఏం కావాలో మనమే గట్టిగా అడిగి చేయించుకోవాలి.

ముందు కేసెట్ సంగతి. కేసెట్లు ప్లే చేసే వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లోనే ఆపేసింది, అంటే ఇప్పుడు ఎక్కడ నడుస్తున్నా అది పాత మిషనే, లోపల టేపుని చదివే హెడ్ పోతే ఇంకోటి దొరకడం గగనం. అందుకే షాపాయన కేసెట్ తీసుకోగానే వీసీఆర్‌లో పెట్టేయలేదు, మూత ఎత్తి లైటు కింద టేపు చూపించాడు, చుట్ట అంచున తెల్లగా పౌడర్ చల్లినట్టు ఫంగస్. మన తేమకి బీరువాలో దాచినా పడుతుందంట. అలాగే ప్లే చేస్తే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే కేసెట్లకి కూడా పాకుతుంది. మొత్తం క్లీన్ చేసి అప్పుడు ఎక్కించాడు. టేపు ఎంతసేపు నడిస్తే రికార్డింగ్ కూడా అంతసేపు, మూడు గంటల కేసెట్‌కి మూడు గంటలూ పడుతుంది కాబట్టి తొందరపెట్టొద్దు.

ఆ వీడియోలో బంతి భోజనాల దగ్గర మా పెదతాత సాంబారు బకెట్ పట్టుకుని వడ్డిస్తూ కనిపించాడు, ఆయనది మా ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు, అమ్మ అక్కడే ఆపి ఆపి చూసింది. నాకైతే ఆ కాసేపటికే డబ్బులు వచ్చేసినట్టే.

ఫోటోల్లో సగం జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయాయి, లాగితే చిరుగుతాయని సన్నటి డెంటల్ ఫ్లాస్ దారం కిందనుంచి దూర్చి మెల్లగా విడదీశాడు. స్కాన్ 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) తగ్గనివ్వకండి, క్వాలిటీ తగ్గకుండా దాచే టిఫ్ ఫైల్ అడగండి, వెనకవైపు కూడా చేయమనండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఒక ఫోటో వెనక స్టూడియో ముద్ర కింద తాతయ్య చేతిరాత, ఖర నామ సంవత్సరం, మాఘమాసం అని ఉంది. ఖర అంటే 1951-52, మాఘం అంటే 1952 మొదట్లో అన్నమాట, అప్పటిదాకా ఆ ఫోటో ఎప్పటిదో ఇంట్లో ఎవరికీ తెలీదు.

నచ్చనిది ఏఐ రెస్టోరేషన్. అడక్కుండానే నాయనమ్మ ఫోటోకి చేసిచ్చారు, మొహం నున్నగా వచ్చింది గానీ ముక్కుకున్న బేసరి మాయం, ఆ కళ్లు కూడా ఆవిడవి కావు. లేనిది ఊహించి గీస్తే అది మా నాయనమ్మ ఎలా అవుతుంది? చెప్తే మళ్లీ మామూలు స్కాన్ ఇచ్చారు, మీరు ముందే వద్దనండి.

ఇంకోటి, వాళ్లు మామూలుగా డీవీడీ ఇస్తారు. ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌లలో డ్రైవ్ ఏది, పైగా ఇంట్లో రాసే డిస్క్‌లలో రంగు పొర కొన్నేళ్లకి పాడవుతుంది. హార్డ్‌డిస్క్ తీసుకెళ్లి ఎంపీ4తో పాటు కేసెట్ నుంచి మొదట రికార్డ్ చేసిన అసలు క్యాప్చర్ ఫైల్ కూడా వేయించుకోండి, ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉన్న అన్నకో చెల్లికో ఇవ్వండి. గూగుల్ ఫోటోస్‌లో ఉంది కదా అనుకోకండి, ఫ్రీ అన్‌లిమిటెడ్ 2021 జూన్‌తోనే పోయింది, జాగా మిగిల్చే స్టోరేజ్ సేవర్ సెట్టింగ్‌లో పెడితే క్వాలిటీ కూడా తగ్గిస్తుంది. పెద్దవాళ్లు ఉండగానే ఫోటోల్లో ఉన్నది ఎవరెవరో అడిగి ఫైల్ పేర్లలో రాసేయండి.

కేసెట్‌కి 500, ఫోటోకి 15 తీసుకున్నారు, వెనకవైపుకి వేరే తీసుకోలేదు. ఒరిజినల్స్ అన్నీ లెక్కపెట్టి కవర్లో వేసి తిరిగిచ్చారు. ఆదివారం మూసేస్తారు.