పేలియోబయాలజీ ప్రాక్టికల్: స్పాటర్సా, తెలియని శిలాజమా? ఏది మేలు?

ప్రతి సెమిస్టర్ మొదట్లో కొత్తగా చేరిన లెక్చరర్లూ, ఎమ్మెస్సీ పిల్లలూ నన్ను ఇదే ప్రశ్న అడుగుతారు. ప్రాక్టికల్‌కి స్పాటర్స్ (వరసగా పెట్టిన నమూనాల్ని చూసి టకటకా పేర్లు రాయడం) పెడితే మంచిదా, ఒకే ఒక్క శిలాజం చేతికిచ్చి చూసి రాయమంటే మంచిదా? నేను చాలా ఏళ్లు స్పాటర్సే పెట్టాను. ఈ ఏడాది మార్చాను, ఎందుకు మార్చానో చెప్తాను.

స్పాటర్స్‌ని తక్కువ చేసి మాట్లాడను. టేబుల్ మీద ఇరవై నమూనాలు, రెండు నిమిషాలకో బెల్, గంటలోపు క్లాసంతా అయిపోతుంది. అందరికీ అవే నమూనాలు కాబట్టి ‘నాకు కష్టమైంది ఇచ్చారు’ అనే మాట రాదు, బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి చూసినా మార్కులు ఎందుకు వేశామో వెంటనే కనబడుతుంది. పేర్లు రావడం కూడా చిన్న విషయం కాదు. బొగ్గు పొరల్లో దొరికే శిలాజ ఆకుల్లో గ్లాసోప్టెరిస్‌కి మధ్య ఈనె ఉంటుంది, గంగామోప్టెరిస్‌కి ఉండదు అని చూడగానే పట్టుకోలేనివాళ్లు బొగ్గు గనిలో పొరల మధ్య నిలబడి ఏం చెప్తారు?

కానీ ఒకసారి ఏమైందంటే, మా ల్యాబ్ ట్రేలో ఏళ్ల తరబడి ఉన్న కేలిమీన్ అనే ట్రైలోబైట్‌ని (ఎప్పుడో అంతరించిన, ఒళ్లంతా గట్టి పెంకున్న సముద్రజీవి) తీసేసి, వేరేచోట నుంచి వచ్చిన ఇంకో కేలిమీన్ పెట్టాను. అదే ప్రాణి, వేరే రాయి, అంతే. సగం మందికి పైగా తప్పు రాశారు. తర్వాత ఒక విద్యార్థి రఫ్ నోట్సు చూస్తే అర్థమైంది: ‘ఎడమ మూల విరిగినది, తెల్ల పెయింట్ చుక్క: కేలిమీన్’ అని రాసుకున్నాడు. తల మధ్య ఉబ్బు గురించి గానీ, దాని పక్కనున్న గుండ్రటి లోబ్స్ గురించి గానీ ఒక్క ముక్క లేదు. వాడు కష్టపడ్డాడు, చదివాడు, కాకపోతే చదివింది మా ట్రేని. ఆ తప్పు వాడిది కాదు, మేం అడిగిన తీరుది.

అందుకే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటే: ఇంతకుముందు ఎప్పుడూ చూడని రాయి చేతికొస్తే ఈ అమ్మాయి, ఈ అబ్బాయి ఏం చేస్తారు? మన తెలంగాణలోని యామన్‌పల్లి సంగతే చూడండి. అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికినప్పుడు కనీసం 12 జంతువులవి ఒకేచోట కలగాపులగంగా ఉన్నాయి. 1988లో శిలాజ శాస్త్రవేత్త యాదగిరి పేరు పెట్టేదాకా ఆ జంతువుకి పేరే లేదు. ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టి చూపిస్తున్నారంటే, ఏ ఎముక ఎక్కడిదో ఓపిగ్గా చూసి, పోల్చి, తేల్చినవాళ్లు ఉండబట్టే. స్పాటర్స్‌లో ఎన్ని మార్కులొచ్చినా ఆ ఓపిక ఉందో లేదో తెలియదు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. ఒక్కొక్కరికీ ట్రేలో ఎప్పుడూ లేని శిలాజం ఒకటి, హ్యాండ్ లెన్స్, స్కేలు, ముప్పావు గంట. కొలతలతో బొమ్మ గీయాలి, కనబడింది రాయాలి, అది ఏమై ఉండొచ్చో, ఎందుకు కాకపోవచ్చో రాయాలి. 25 మార్కుల్లో పేరుకి ఐదే, మిగతావన్నీ చూపుకీ, కారణాలకీ. ఆ తర్వాత ఐదు నిమిషాలు నా దగ్గర కూర్చుని చెప్పాలి.

మొన్న ఒకమ్మాయికి గ్రిఫియా అనే పాతకాలపు ఆయిస్టర్ శిలాజం వచ్చింది. ఒక చిప్ప లావుగా వంపు తిరిగి, ఇంకోటి మూతలా చదునుగా ఉంటుంది కదా, రెండు చిప్పలూ ఒకేలా లేవని ముందు బ్రాకియోపాడ్ (ఆల్చిప్పలా కనిపించే వేరే జాతి సముద్రజీవి) అని రాసింది. తర్వాత చిప్ప ముక్కు దగ్గర, చాలా బ్రాకియోపాడ్లకి ఉండే రంధ్రం కోసం లెన్స్‌తో వెతికింది, లేదు. చిప్పని మధ్యకి సమంగా చీల్చే గీత కోసం చూసింది, అదీ లేదు. ముందు రాసింది కొట్టేసి, పక్కనే ఎందుకు కొట్టేసిందో రాసి, బైవాల్వ్, అంటే ఆల్చిప్పల జాతి, అని తేల్చింది. గ్రిఫియా అనే పేరు రాయలేకపోయింది. కారణాలకి పూర్తి మార్కులు వేశాను. స్పాటర్స్‌లో ఆ రెండు నిమిషాల్లో ఆ అమ్మాయికి సున్నా వచ్చేది.

ఇందులో ఇబ్బందులున్నాయి, దాచను. ముప్పై మందికి తలా ఐదు నిమిషాలంటే మాటలకే రెండున్నర గంటలు. పైగా ఒకరికి తేలిక, ఒకరికి కష్టం రాకుండా నమూనాలు జత చేసుకోవడం పెద్ద పని, మార్కులు దేనికెన్నో ముందే చెప్పకపోతే గొడవలే. భయస్తులు నోటి పరీక్షలో తడబడతారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒకబ్బాయి ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. తెలుగులో చెప్పమన్నాను. టరిటెల్లా అనే పొడుగాటి మెలికల నత్త శిలాజం పట్టుకుని, ‘ఇది నత్తగుల్ల కాదు మేడమ్, గుల్లలోకి దిగిన బురద గట్టిపడింది, పైన గీతలు లేవు చూడండి, అసలు గుల్ల కరిగిపోయింది’ అన్నాడు. ఇలాంటి లోపలి అచ్చు, అంటే ఇంటర్నల్ మోల్డ్ గురించి అంత చక్కగా చెప్పిన జవాబు నేను ఇంగ్లీషులో వినలేదు. నోటి పరీక్ష పెట్టేవాళ్లు ఈ వెసులుబాటు తప్పకుండా ఇవ్వండి.

ఫీల్డ్ రిపోర్టుల సంగతీ అడుగుతారు. రాజమండ్రి దగ్గర శిలాజాలు దొరికే దుద్దుకూరు, కాటేరు వైపు తీసుకెళ్తే పిల్లలు నేర్చుకునేది మరెక్కడా దొరకదు, కానీ ఐదుగురు కలిసి రాసిన రిపోర్టుతో ఎవరికెంత వచ్చో తేల్చలేం. కాబట్టి రిపోర్టుకి కొద్ది మార్కులే ఇచ్చి, ఎవరి ఫీల్డ్ నోట్‌బుక్ వాళ్లది అక్కడే చూసి సంతకం పెట్టండి. థియరీ పేపరు ఎలాగూ ఉంటుంది. మల్టిపుల్ చాయిస్ నెట్‌కీ, గేట్‌కీ అలవాటు కోసం ఇంటర్నల్స్‌లో పెట్టుకోవచ్చు. సెమినార్లు మాట్లాడటం అలవాటవడానికి పనికొస్తాయి.

స్పాటర్స్ పూర్తిగా తీసేయలేదు, పది నమూనాలకి పది మార్కులు ఉంచాను. మీరూ మారుద్దామనుకుంటే ముందు చేయాల్సింది విడిగా ఒక బీరువా చూసుకుని, ఫీల్డ్ నుంచి వచ్చిన ప్రతిసారీ కొన్ని నమూనాలు, ఎక్కడ ఏ పొరలో దొరికాయో చీటీ రాసి, దాంట్లో పెట్టి తాళం వేయడం. పరీక్ష అయ్యాక వాటిని మాత్రం ల్యాబ్ ట్రేలో కలపకండి.