విజయవాడలో సాలగ్రామం కొనేవాళ్లూ, జాగ్రత్త: రెసిన్ పోతలు అంటగడుతున్నారు

వన్‌టౌన్ పూజాసామగ్రి కొట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ గండకీ సాలగ్రామం పేరుతో రెసిన్ (గట్టిపడే ప్లాస్టిక్ జిగురు) పోతలు, రంగేసిన సిమెంటు ముద్దలు, చెక్కిన నల్లరాళ్లు అమ్ముతున్నారు. "నీళ్లు తగలనివ్వకండి, పొడిగుడ్డతో తుడవండి" అన్నారంటే అక్కడే ఆగిపోండి. ఏటిలో దొర్లి అరిగిన రాయికి అభిషేకం చేస్తే ఏమీ కాదు. రంగేసినదైతే పాలు నల్లబడతాయి.

అసలుది నేపాల్లో ముక్తినాథ్ ప్రాంతంలో, కాళీగండకిలో దొరికే నల్లటి గుండ్రాయి. పెద్దలు వజ్రకీటం తొలిచిందని చెప్పే చక్రం అమ్మోనైట్ గుల్ల శిలాజం. ఆక్టోపస్, స్క్విడ్‌లకు బంధువైన ఆ జీవి, హిమాలయాలు లేవకముందు అక్కడున్న టెథిస్ సముద్రంలో బతికింది. అమ్మోనైట్లన్నీ సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి.

జీవి పెరిగేకొద్దీ గుల్ల వెడల్పవుతుంది. కాబట్టి లోపలి నుంచి బయటికి ఒక్కో చుట్టూ లావెక్కుతూ రావాలి, వాటికి అడ్డంగా సన్నటి ఉబ్బెత్తు గీరలు సాధారణంగా ఉంటాయి. కంసాలి వాడే 10 రెట్ల భూతద్దంతో చూడండి. డ్రిల్లుతో చెక్కిన చక్రానికి చుట్లన్నీ ఒకే వెడల్పులో ఉంటాయి, గాడి అడుగున పనిముట్టు గీతలు కనబడతాయి. రెండు చెక్కలుగా పగిలినది ఇస్తే తెరిచి చూడండి: ఒక చెక్కలో గీర ఉబ్బెత్తుగా ఉన్నచోట రెండోదాంట్లో పల్లం ఉండాలి. రెండింట్లోనూ ఉబ్బెత్తుగానే ఉంటే అది అచ్చుపోసిన సరుకే.

చక్రం బయటికి కనబడని సాలగ్రామాలూ ఉంటాయి. వాటికి తూకమే దారి. ముందు రాయి బరువు చూడండి. తర్వాత వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసి, రాయిని దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా చూపించే గ్రాములతో రాయి బరువును భాగించండి. సుమారు 2.5 నుంచి 2.8 వస్తే రాయే. బంగారు మెరుపు ఖనిజం (పైరైట్) ఎక్కువుంటే ఇంకా పెరుగుతుంది. ఉత్త రెసిన్ 1.1, 1.2 దగ్గరే ఆగుతుంది, పొడి కలిపితే కొంత పెరుగుతుంది. అయితే చెక్కిన నల్లరాయి ఈ పరీక్ష నెగ్గేస్తుంది, అందుకే చక్రం కనబడేదానికి భూతద్దం తప్పనిసరి.

నూనె మరక పోయేలా సబ్బుతో కడిగాక, గోళ్లరంగు తుడిచే అసిటోన్‌ను దూదితో అద్ది రుద్దండి. నలుపుగానీ బంగారు పూతగానీ ఊడి వస్తే తిరిగిచ్చేయండి.

బిల్లు మీద "సహజ శిలాజం, రెసిన్ కాదు" అని రాయించుకోండి. రాయనంటే కొనకండి. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది.