45 డిగ్రీల పెట్టె: ఐదేళ్లు వాడాక మైటర్ బాక్స్ మీద ఒక ఫిర్యాదు

పోయిన ఏడాది నేను నేర్పే నమూనా ఇళ్ల కోర్సు ఆఖరి రోజున పిల్లలు చేసిన 11 ఇళ్లనూ బల్ల మీద వరసగా పెట్టాం. చూడ్డానికి వచ్చిన ఒక తండ్రి ఆ చివర నుంచి ఈ చివరి దాకా నడిచి, "బాగున్నాయండీ, అన్నీ ఒకే మేస్త్రి కట్టినట్టున్నాయి" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. ఒకటేమో రెండు గదుల ఇల్లు, ఒకటి ఎల్ ఆకారం, ఇంకోదానికి చుట్టూ వరండా. కిటికీలు ఎవరివి వాళ్లవే. కప్పు మాత్రం పదకొండింటికీ ఒకటే, 45 డిగ్రీల వాలు.

ఆ మేస్త్రి మా మైటర్ బాక్స్. అంటే పుల్లను లోపల పెట్టి కోసేటప్పుడు రంపం కోణం తప్పకుండా గోడల్లో గాడులున్న పెట్టె.

మాది అల్యూమినియంది. 90కి ఒక గాడి, 45కి అటొకటి ఇటొకటి, అంతే. 13 నుంచి 16 ఏళ్ల పిల్లల చేతుల్లో ఐదేళ్లుగా నలుగుతోంది. దానికి ముందు చెక్కది ఉండేది, ఏడాది తిరిగేసరికి గాడులు అరిగి రంపం అటూ ఇటూ ఆడటం మొదలెట్టింది. 5 సెంటీమీటర్ల వెడల్పు పెట్టెలో గాడి అర మిల్లీమీటరు వదులైనా కోత అర డిగ్రీ పైనే తప్పొచ్చు. రెండు వాసాలు కలిసేచోట ఆ తప్పు రెట్టింపై సందుగా కనబడుతుంది, పిల్లలు దాన్ని జిగురుతో పూడుస్తారు. అల్యూమినియంతో ఆ బాధ తప్పింది. రంపం పళ్లు లోహానికి తగిలి తొందరగా మొద్దుబారతాయి గానీ, అది భరించొచ్చు.

మొదట్లో అడిగినవాళ్లందరికీ "ఇదొక్కటి కొనండి, చాలు" అని చెప్పేదాన్ని. ఊరికే చెప్పలేదు. ఎప్పుడూ రంపం పట్టని పిల్లవాడు కూడా మొదటి రోజే నాలుగు పుల్లలు కోసి, మూలమట్టానికి ఆనించి, వెలుతురు దూరని చతురస్రం చేసేస్తాడు. ఆ ముఖం చూస్తే ఎవరైనా ఆ పెట్టెను పొగుడుతారు.

ఆ తండ్రి మాట విన్న సాయంత్రం పిల్లల డ్రాయింగులు తీసి చూశాను. మేం 1:50 స్కేలులో గీస్తాం, కాగితం మీద 2 సెంటీమీటర్లంటే ఒక మీటరు. ఒకమ్మాయి ముఖద్వారం వైపు చిత్రంలో కప్పు గీత కింద ఇంకో గీత ఉంది. రబ్బరుతో గట్టిగా చెరిపినా పెన్సిలు దిగిన గాడి కాగితంలో మిగిలిపోయింది. కోణమానిని పెట్టి కొలిస్తే 30. ఆమె ఇల్లు 12 సెంటీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు 6. 30 డిగ్రీలైతే కప్పు మూడున్నర సెంటీమీటర్లు లేస్తుంది, గోడ మీద ఒదిగి కూర్చుంటుంది. 45 చేసేసరికి కప్పు కూడా 6 సెంటీమీటర్లయింది, గోడ ఎంతో కప్పూ అంతే. ఇల్లు నెత్తిన బరువెత్తుకున్నట్టు తయారైంది. ఆ పిల్ల ఈ ఏడాది మళ్లీ చేరింది. ఎందుకు మార్చావని అడిగితే తేలిగ్గా చెప్పేసింది: "ఆ కోణానికి గాడి లేదు కదా మేడమ్."

ఐదేళ్లుగా డిజైన్ కూడా నేర్పుతున్నాననుకుంటున్నాను నేను!

ఇద్దరం కూర్చుని ఒక ఉపాయం ఆలోచించాం. 15 డిగ్రీల చీల ఒకటి, అంటే ఒక చివర లావుగా ఇంకో చివర సన్నగా ఉండే చెక్క ముక్క, చెక్కి పెట్టె గోడకీ పుల్లకీ మధ్య పెడితే పుల్ల 15 డిగ్రీలు తిరుగుతుంది, 45 గాడిలోనే 30 కోత వస్తుంది. మొదటిసారి చీలను తలకిందులుగా పెట్టాం. 45కి 15 కలిసి 60 అయింది, రెండు వాసాలూ నిలబెడితే కప్పు మూసిన గొడుగులా లేచింది. పడీ పడీ నవ్వుకున్నాం. చీలను తిప్పి పెట్టి మళ్లీ కోశాం. ఈసారి వాసాలు పైన ఆనుకున్నాయి. ఆమె వాటిని దీపం ముందు పట్టుకుని సందులోంచి వెలుతురు వస్తోందా అని చాలాసేపు చూసింది. వస్తోంది, వెంట్రుకంత. శాండ్‌పేపర్ మీద రెండు రుద్దులు రుద్దింది, పోయింది.

ఇప్పుడు కప్పు గీసి, దళసరి అట్టతో నమూనా కప్పు మడిచి గోడల మీద పెట్టి చూసుకునేదాకా మైటర్ బాక్స్ బీరువాలోంచి బయటికి రాదు. ఈ బ్యాచ్‌లో 20, 30, 35, 45 వచ్చాయి. ఒకబ్బాయి ఒకవైపు పొడుగ్గా, ఒకవైపు పొట్టిగా రెండు వేర్వేరు వాలులు పెట్టాడు. దాని చీలలు చెక్కడానికి వాడికి రెండు వారాలు పట్టింది, ఇంటి లోపల గోడలు కట్టడానికి టైమే లేకపోయింది. అది కూడా చెప్పాలి మరి.

కోణం మార్చుకునే రకం పెట్టె కొంటే పోయేది కదా అంటారు. ఒక టర్మ్ పాటు అదీ వాడాం. పెద్దవాళ్లకి బాగానే ఉంటుందేమో. మా దగ్గర ఒకరి తర్వాత ఒకరు తిప్పి తిప్పి బిగింపు మర వదులైంది. 30 అని పెడితే నాలుగో కోతకి 32 అయ్యేది, అది ఎవరికీ కనబడేది కాదు. గాడి లేకపోవడం కనబడే తప్పు, మర జారడం కనబడని తప్పు. పది మంది పిల్లలు, వారానికి రెండు గంటలు, నేనొక్కదాన్ని. నాకు కనబడే తప్పే నయం.

కాబట్టి ఇది విరిగితే మళ్లీ ఇలాంటిదే కొంటాను. ఇంట్లో ఒక్క పిల్లకో పిల్లాడికో నేర్పేవాళ్లయితే నా మాట పట్టించుకోకండి, మొదటి ఇంటికి అసలు పెట్టే కొనకండి. మూలమట్టం, కోణమానిని, సన్న పళ్ల రంపం ఇచ్చి గీత మీద కోయనివ్వండి. వంకర పోతుంది, కొన్ని పుల్లలు పాడవుతాయి. ఒక్కరే కాబట్టి పక్కన కూర్చునే తీరిక మీకుంటుంది. నాకు లేదు.