నీల్ పియర్ట్ ఊళ్ళో రోజున్నర

టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో దిగే ప్రతి పెట్టె మీదా వైవైజెడ్ అని రాసిన ట్యాగ్ ఉంటుంది. ఆ విమానాశ్రయం కోడ్ అది. 2023 జూలైలో అన్నయ్య, వదిన విజయవాడ నుంచి వచ్చినప్పుడు సామాన్ల బెల్టు దగ్గరే అన్నయ్య ఆ ట్యాగ్ చూపించి, పెట్టె మీద వేళ్ళతో వాయించడం మొదలుపెట్టాడు. ఆ మూడక్షరాలనీ మోర్స్ కోడ్‌లో, అంటే పాత టెలిగ్రాఫ్ సంకేతాల్లో కొడితే, పొడుగు దెబ్బకి రెండు, పొట్టి దెబ్బకి ఒకటి లెక్కన వైకి 7, మళ్ళీ వైకి 7, జెడ్‌కి 6. మొత్తం 20. అంటే నాలుగేసి మాత్రల దెబ్బలు ఐదు. 1981లో కెనడా రాక్ బృందం రష్ విడుదల చేసిన వైవైజెడ్ అనే వాద్యగీతం సరిగ్గా ఈ లెక్కతోనే మొదలవుతుంది. డ్రమ్స్ వాయించింది నీల్ పియర్ట్.

చిన్నప్పుడు మేమిద్దరం మృదంగం నేర్చుకున్నాం. నేను రెండేళ్ళకే మానేశాను, అన్నయ్య మానలేదు. వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఎవరో ఇచ్చిన క్యాసెట్‌తో అతనికి రష్ పిచ్చి పట్టింది. సెలవులకి ఇంటికొచ్చి నాకూ అంటించాడు. ఇంగ్లిష్ మాటలు సగం అర్థమయ్యేవి కావు. లెక్క మాత్రం అర్థమయ్యేది. ఐదు, ఏడు అని చేతిమీద వేసుకుంటూ వినేవాళ్ళం.

2020 జనవరి 10, శుక్రవారం సాయంత్రం ఇక్కడ వార్త బయటికొచ్చింది. పియర్ట్ 7వ తేదీనే కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో చనిపోయాడు. మెదడు క్యాన్సర్, 67 ఏళ్ళు. మూడున్నరేళ్ళు ఆ జబ్బుతో ఉన్నా బయట ఎవరికీ తెలియలేదు. బృందంలో మిగతా ఇద్దరు గెడ్డీ లీ, అలెక్స్ లైఫ్‌సన్, దగ్గరి స్నేహితులు ఒక్క మాట పొక్కనివ్వలేదు. అక్కడ తెల్లవారగానే అన్నయ్య ఫోన్ చేశాడు. "నిజమేనా రా?" అన్నాడు. నిజమే అన్నాను. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, ఫోన్ కూడా పెట్టెయ్యలేదు.

ఆ నెలాఖరులో నేనొక్కడినే మొదటిసారి పోర్ట్ డల్హౌసీ వెళ్ళాను. సెయింట్ క్యాథరిన్స్ నగరంలో ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న పేట అది. పియర్ట్ పెరిగింది అక్కడే. లేక్‌సైడ్ పార్క్‌లో కవర్లతో సహా గడ్డకట్టిన పూలగుత్తులు, ఒక జత డ్రమ్ స్టిక్స్, తడిసి సిరా కారిపోయిన ఒక కాగితం కనిపించాయి. నాలాగే వచ్చిన ఇద్దరు ముగ్గురు దూరదూరంగా నిలబడి సరస్సు వైపు చూస్తున్నారు. చలికి పావుగంట కన్నా ఉండలేకపోయాను. అన్నయ్యని ఎప్పటికైనా ఇక్కడికి తీసుకురావాలని అప్పుడే అనుకున్నాను.

ఇక ఈసారి ప్రయాణం. టొరంటో పక్కనున్న మిస్సిస్సాగా నుంచి కారులో సుమారు 100 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం బయల్దేరడం నా తప్పు. వేసవిలో నయాగరా వెళ్ళే బళ్ళన్నీ ఆ హైవే మీదే ఉంటాయి, బర్లింగ్టన్ స్కైవే వంతెన దాటేసరికే ఓపిక అయిపోయింది. శనివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరితే హాయిగా వెళ్ళొచ్చు. కారు లేనివాళ్ళకి టొరంటో యూనియన్ స్టేషన్ నుంచి "గో" అనే ప్రాంతీయ రైలు ఉంది. రెండు గంటలు పడుతుంది. కానీ సెయింట్ క్యాథరిన్స్ స్టేషన్ నుంచి పార్క్ నడిచివెళ్ళే దూరంలో లేదు, అక్కడి నుంచి ట్యాక్సీ ఖర్చు కూడా కలుపుకోండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే కారే నయం.

ఆ రాత్రి హైవే పక్కన ఒక మోటెల్లో దిగాం. బుక్ చేసినప్పుడు చెప్పని డిపాజిట్ అడిగారు. గదిలో ఏసీ రాత్రంతా లారీలా మోగింది. వదినకి నిద్రే లేదు. రెండో రోజు దాన్ని వదిలేసి పోర్ట్ డల్హౌసీలోనే ఒక పాత ఇంట్లో, పైన రెండు గదులు అద్దెకిచ్చే చోట ఉన్నాం. రాత్రికి 40 డాలర్లు ఎక్కువైంది. ఇచ్చినందుకు బాధ లేదు. పొద్దున్నే లేచి నాలుగు నిమిషాలు నడిస్తే సరస్సు. ఇంటావిడ మేం శాకాహారులమని తెలిసి టోస్ట్, పళ్ళు, బంగాళాదుంపల వేపుడు విడిగా చేసిపెట్టింది. ఎందుకొచ్చామో చెబితే, "జనవరిలో కూడా వచ్చేవాళ్ళున్నారు, వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపిస్తాను" అంది. నయాగరాలో హోటల్ తీసుకుని ఇక్కడికి పూటకి వచ్చిపోదాం అనుకునేవాళ్ళకి నా సలహా అది వద్దనే. జలపాతం పాతిక కిలోమీటర్లలోపే, అటే పూటకి వెళ్ళిరండి.

ఊరి పేరు చూసి అన్నయ్యకి అనుమానం వచ్చింది. "ఈ డల్హౌసీ మన డల్హౌసీయేనా?" అన్నాడు. బళ్ళో రాజ్యసంక్రమణ సిద్ధాంతం అని చదువుకున్నామే, ఆ డల్హౌసీకి తండ్రి ఈయన. కెనడాలో గవర్నర్ జనరల్‌గా చేశాడు. ఇక్కడివాళ్ళు మాత్రం డలూజీ అంటారు, దారి అడిగేటప్పుడు అలా అంటేనే తొందరగా అర్థమవుతుంది.

లేక్‌సైడ్ పార్క్ గురించి నిదానంగా చెబుతాను, మేం వెళ్ళింది దానికోసమే. ఇసుక బీచ్, నీళ్ళలోకి కట్టిన రెండు పొడవైన గట్లు (పియర్లు), చిన్న లైట్‌హౌస్‌లు. ఆకాశం తేటగా ఉంటే సరస్సుకి అవతల టొరంటో సీఎన్ టవర్ సన్నని గీతలా కనిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ రంగులరాట్నాలు, ఆటల దుకాణాలు నిండుగా ఉండేవట. పియర్ట్ కుర్రాడిగా ఉన్నప్పుడు వేసవిలో ఆ దుకాణాల్లోనే పనిచేశాడు. చిన్నప్పుడు ఇదే నీళ్ళలో మునిగిపోబోయి బతికానని తానే రాసుకున్నాడు. ఆ పార్క్ మీద అతను రాసిన పాట 1975లో రష్ ఆల్బమ్‌లో వచ్చింది. అభిమానులు చర్చికో స్టేడియానికో పోకుండా ఇక్కడికే రావడానికి ఆ పాటే కారణం.

2020లోనే నగరం ఇక్కడి పెవిలియన్‌కి పియర్ట్ పేరు పెట్టింది. పెవిలియన్ అంటే ఏదో భవనం అనుకోకండి. పైకప్పు, కింద బల్లలు, కుటుంబాలు భోజనాలు చేసుకునే చోటు. మేం వెళ్ళేసరికి అక్కడ ఎవరో పిల్లవాడి పుట్టినరోజు జరుగుతోంది. బెలూన్లు కట్టారు, కేకు కోస్తున్నారు. అన్నయ్య మొహంలో కాస్త నిరాశ కనిపించింది. దండం పెట్టుకునే చోటు లాంటిది ఏదో ఉంటుందనుకున్నాడు.

"సమాధి ఎక్కడరా?" అన్నాడు.

"వెతకలేదు అన్నయ్యా. మనం వెళ్ళే చోటు కాదు."

ఈ మాట నేను ఆలోచించే అన్నాను. పియర్ట్ అభిమానులకి ఎదురుపడే మనిషి కాదు. కచేరీ ముందు జనాన్ని కలవడం, ఫొటోలు దిగడం గెడ్డీ లీ, లైఫ్‌సన్ చూసుకునేవాళ్ళు. మనమంటే చిన్నచూపు అని కాదు, ముక్కూమొహం తెలియని మనిషి దేవుణ్ణి చూసినట్టు చూస్తే అతనికి తట్టుకోవడం కష్టం. 1997లో కూతురు సెలీనా కారు ప్రమాదంలో పోయింది, పది నెలలకే భార్య జాకీ క్యాన్సర్‌తో పోయింది. అప్పుడు ఇక డ్రమ్స్ లేవని మిగతా ఇద్దరికీ చెప్పి, మోటార్ సైకిల్ వేసుకుని 88,000 కిలోమీటర్లు ఒంటరిగా తిరిగాడు. ఆ దుఃఖంలో అతను అడిగింది దూరం ఒక్కటే. ఇప్పుడు మన దుఃఖం పేరు చెప్పి అతని ఇల్లు, కుటుంబం, సమాధి వెతుక్కుంటూ పోతే అదే దూరాన్ని మనం చెరిపేసినట్టు. అందుకే నాకు ఈ పార్కే సరైన చోటు అనిపిస్తుంది. ఊరందరిదీ, అతనిది కూడా.

అన్నయ్య ఏమీ అనలేదు. పుట్టినరోజు వాళ్ళు మమ్మల్ని చూసి చెరో కేకు ముక్క ఇచ్చారు. తింటూ పక్క బల్ల మీద కూర్చున్నాం. వదిన తెచ్చిన పులిహోర డబ్బా వాళ్ళకి ఇచ్చింది. కాసేపటికి ఎదురు బల్ల దగ్గరికి రష్ టీషర్ట్ వేసుకున్న పెద్దాయన ఒకాయన వచ్చాడు. అన్నయ్య చేతివేళ్ళు ఊరికే ఉండవు కదా, బల్ల మీద 7, 7, 6 నడుస్తోంది. ఆయన విని తల ఊపాడు, మేమూ ఊపాం. పలకరింపులు, పేర్లు ఏమీ లేవు. ఆయన ఒక పావుగంట కూర్చుని వెళ్ళిపోయాడు.

అక్కడికి దగ్గర్లోనే సెయింట్ జాన్స్ ఆంగ్లికన్ చర్చి ఉంది. బడి క్రిస్మస్ కార్యక్రమానికి పియర్ట్ మొదటిసారి జనం ముందు వాయించింది ఆ చర్చి హాల్లోనే. బయటి నుంచి చూశాం, చాలు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. 13వ పుట్టినరోజుకి తల్లిదండ్రులు అతనికి డ్రమ్స్ కొనివ్వలేదు. స్టిక్స్, ప్రాక్టీస్ ప్యాడ్ ఇచ్చి, పాఠాలకి పంపి, ఏడాది ఆగకుండా చేస్తే అప్పుడు కొంటాం అన్నారు. 14 నిండాక కొన్నారు. వాద్యం చేతికివ్వకుండా ముందు నెలల తరబడి తొడ మీద పాఠాలు వేయించిన మా మాస్టారు గుర్తొచ్చారు. ఇంకో సంగతి, ప్రపంచమంతా ప్రొఫెసర్ అని పిలుస్తున్న రోజుల్లో, నలభై దాటాక, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే గురువు దగ్గర కూర్చుని కర్ర పట్టుకోవడం మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఇది చెప్పేటప్పుడు అన్నయ్య గొంతు జీరబోయింది.

పార్క్‌లో రంగులరాట్నం తప్పక ఎక్కండి. వందేళ్ళు దాటిన చెక్క గుర్రాలు, 1921 నుంచి ఈ ఊళ్ళో ఉన్నాయి. టికెట్ ఇప్పటికీ 5 సెంట్లే. కెనడాలో ఇప్పుడు చెలామణిలో అంతకన్నా చిన్న నాణెం ఇవ్వడం లేదు, కాబట్టి ఇంట్లోంచే కొన్ని నికెల్స్ (5 సెంట్ల నాణేలు) జేబులో వేసుకెళ్ళండి. అది నడిచేది వేసవిలోనే. వేసవిలో పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, మధ్యాహ్నానికి నిండిపోతుంది. నీళ్ళలో దిగాలనుకుంటే ముందు బోర్డు చూడండి, బాక్టీరియా ఎక్కువుంటే దిగొద్దని పెడతారు. మేం వెళ్ళిన రోజు పెట్టారు, కాళ్ళు కూడా తడపలేదు.

టొరంటోలో చూడగలిగినవి మూడు. క్వీన్స్ పార్క్‌లోని శాసనసభ మెట్లు: రష్ 1981 ఆల్బమ్ అట్ట ఫొటో అక్కడ తీశారు, పది నిమిషాలు చాలు. మ్యాసీ హాల్: 1976లో వాళ్ళ మొదటి లైవ్ ఆల్బమ్ రికార్డయిన చోటు, ఏదైనా కచేరీ టికెట్ దొరికితేనే వెళ్ళండి, బయటి నుంచి చూస్తే ఏమీ లేదు. ఇక విల్లోడేల్‌లో లీ లైఫ్‌సన్ ఆర్ట్ పార్క్ ఉంది, మిగతా ఇద్దరి పేరు మీద. ప్రశాంతంగా బాగుంది. కానీ అక్కడ పియర్ట్ కోసం వెతికితే దొరకడు.

తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం. వదినకి ఈ రెండు రోజుల్లో ఎవరూ ఒక్క పాటా వినిపించలేదని అప్పుడు గుర్తొచ్చింది. "ఇంతమంది ఏడ్చారంటున్నారు, ఆయన ఏం వాయించాడో నాకూ పెట్టండి" అంది. అన్నయ్య వైవైజెడ్ పెడతాడనుకున్నాను. ఫోన్‌లో చాలాసేపు వెతికి పార్క్ పాట పెట్టాడు. వదిన కళ్ళు మూసుకుని వింది. స్కైవే ఎక్కుతుండగా, "ఇందాక మనం కూర్చున్న చోటేనా ఇది?" అని అడిగింది.

"అక్కడే" అని అన్నయ్య మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.