సైట్ ఉన్నవాళ్లకు డైవింగ్ మాస్క్: రెడీమేడ్ పవర్ అద్దాలు ఎవరికి సరిపోతాయి, ఎవరికి సరిపోవు

"నీళ్లలో అన్నీ పెద్దగా కనిపిస్తాయి, కళ్లజోడు లేకపోయినా ఫర్వాలేదు." అండమాన్‌లోనో రుషికొండలోనో స్కూబాకి పేరు రాయించుకునేవాళ్లు తరచుగా వినే మాట ఇది. ఇందులో సగమే నిజం. మాస్క్‌లోంచి చూసినప్పుడు వస్తువు అసలు దూరంలో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు, సుమారు 33 శాతం పెద్దగా కనిపిస్తుంది. అంతమాత్రాన సైట్ పోదు. మైనస్ 2 ఉన్న కంటికి గాలిలో అర మీటరు దాటితే మసక మొదలవుతుంది. నీళ్లలో ఆ హద్దు 66 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది, అంతే. మైనస్ 4 వాళ్లకు 33 సెంటీమీటర్లే. ట్యాంకులో గాలి ఎంత మిగిలిందో చూపే ఎయిర్ గేజ్‌నైతే ముఖం దగ్గరికి తెచ్చుకుని చదవొచ్చు. నాలుగు మీటర్ల అవతల ఇన్‌స్ట్రక్టర్ చేసే సైగను ఎలా దగ్గరికి తెచ్చుకుంటారు? మైనస్ 1, 1.5 ఉన్నవాళ్లు మామూలు మాస్క్‌తో దిగినా ఇబ్బంది ఉండదు. 2 దాటితే ఏదో ఒక ఏర్పాటు తప్పనిసరి.

ఎక్కువమందికి సరైనది రెండు అద్దాల మాస్క్‌లో బిగించే రెడీమేడ్ పవర్ అద్దాలు. టూసా, క్రెస్సీ, మారెస్ లాంటి కంపెనీలు తమ మాస్క్‌లలో కొన్నింటికి వీటిని విడిగా అమ్ముతాయి. మైనస్ 1 లేదా 1.5 నుంచి 8 వరకు, కొన్ని మోడళ్లలో 10 వరకు, అర పాయింటు తేడాతో దొరుకుతాయి. వీటికి నీళ్లవైపు ముఖం చదునుగా, వంపు అంతా కంటివైపు ఉంటుంది. అందుకే గాలిలోనూ నీళ్లలోనూ పవర్ మారదు. కళ్లజోడు అద్దానికి ముందువైపు కూడా వంపు ఉంటుంది. ఆ వైపు నీళ్లు తగిలితే పవర్ లెక్క తప్పుతుంది. కాబట్టి మామూలు కళ్లజోడు అద్దాన్ని కోసి మాస్క్‌లో పెట్టిస్తామనే బేరానికి ఒప్పుకోవద్దు.

పవర్ ఎంచుకునే దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఈ అద్దాల్లో సిలిండర్, అంటే కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేనివాళ్లకు ఇచ్చే అదనపు పవర్, ఉండదు. కళ్ల డాక్టరు చీటీలో సిలిండర్ ఉంటే అందులో సగం స్ఫియర్‌కి, అంటే అసలు పవర్‌కి, కలపాలి: స్ఫియర్ మైనస్ 3.50, సిలిండర్ మైనస్ 1.00 అయితే మైనస్ 4.00 అద్దం తీసుకోవాలి. సిలిండర్ 1, 1.5 వరకు ఈ సర్దుబాటు పనిచేస్తుంది. అంతకు మించితే అంచులు చెదిరినట్టే ఉంటాయి.

రెండోది దూరం లెక్క. కళ్లజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. మాస్క్ అద్దం దానికి రెట్టింపు దూరంలో ఉండొచ్చు. మైనస్ అద్దం కంటికి దూరం జరిగేకొద్దీ కంటికి అందే పవర్ తగ్గుతుంది. మైనస్ 4 దగ్గర ఆ తేడా పావు పాయింటుకి మించదు. మైనస్ 8 ఉన్నవాళ్లకు మాత్రం 25 మిల్లీమీటర్ల దూరంలో అదే చూపు రావాలంటే దాదాపు మైనస్ 9 కావాలి. అందుకే లెక్క రెండు పవర్‌ల మధ్య పడితే, తక్కువ సైట్ వాళ్లు తక్కువదాన్ని, 6 దాటినవాళ్లు ఎక్కువదాన్ని తీసుకోవడం మంచిది.

ఎక్కువ పవర్ వాళ్లకు ఇంకో చిక్కుంది. రెడీమేడ్ అద్దం మధ్యబిందువు మీ కనుపాప ఎదురుగా ఉంటుందన్న హామీ లేదు. మైనస్ 8 అద్దం ఒక్కో కంటికి 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే 2.4 ప్రిజం పడుతుంది, అంటే చూసే బొమ్మ అంత పక్కకి జరుగుతుంది. తలనొప్పి, బొమ్మ రెండుగా కనిపించడం దీనివల్లే. మైనస్ 3 దగ్గర ఇదే లోపం 0.9 మాత్రమే, చాలామందికి తెలియను కూడా తెలియదు.

బిగించేటప్పుడు కుడి, ఎడమ అద్దాల గుర్తు చూసుకోండి. పాత అద్దం తీశాక సిలికాన్ గాడిలో ఇసుక రేణువు, వెంట్రుక లేకుండా కడగాలి. అద్దం గాడిలో చుట్టూ సమంగా కూర్చున్నాకే ఫ్రేమ్ నొక్కాలి. ఒక మూల పైకి లేచి ఉంటే అక్కడి నుంచే నీళ్లు కారతాయి. కొత్త అద్దం లోపలివైపు తయారీలో అంటిన సిలికాన్ పొర ఉంటుంది; జెల్ కాని తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే ఆవిరి పట్టి ఏ పవరూ పనికిరాదు.

సిలిండర్ ఎక్కువున్నా, ప్రిజం కావాలన్నా చీటీ ప్రకారం అరగదీసిన అద్దాన్ని మాస్క్ గాజు లోపల అతికించే పద్ధతి ఉంది. చూపు చక్కగా వస్తుంది కానీ ఖర్చు ఎక్కువ, మాస్క్ మారితే పని మళ్లీ మొదటికొస్తుంది. అతుకు మధ్య బుడగ కనిపిస్తే తిప్పి పంపండి. ఈ మాస్క్‌కి ఆ సిలికాన్ పొరను లైటర్ మంటతో కాల్చే చిట్కా వాడొద్దు, జిగురు పాడవుతుంది.

ఏడాదికోసారి దిగేవాళ్లకు రోజువారీ వాడి పారేసే మెత్తటి కాంటాక్ట్ లెన్స్ చాలు. గాలి చొరబడని పాతకాలపు గట్టి లెన్స్‌లు మాత్రం వద్దు. పైకి వచ్చేటప్పుడు వాటి కింద నైట్రోజన్ బుడగలు చేరి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) దెబ్బతింటుంది. మాస్క్‌లోకి నీళ్లొస్తే కళ్లు మూసుకునే ఖాళీ చేయాలి. కోర్సులో మాస్క్ తీసి ఈదే అభ్యాసం ఉంటుంది కాబట్టి ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పండి. పడవలో ఇంకో జత, కళ్లజోడు ఉంచుకోండి. డైవ్ అయ్యాక ఆ లెన్స్‌లు పారేయాల్సిందే: నీళ్లలోని అకంథమీబా లాంటి సూక్ష్మజీవులు లెన్స్‌ని పట్టుకుంటే చూపుకే ముప్పు.

చత్వారం వచ్చినవాళ్లకు నీళ్లతో అతికే చిన్న ప్లస్ పలకలు దొరుకుతాయి. గేజ్ చూసే చోట, మాస్క్ అడుగు భాగాన, లోపలివైపే అతికించాలి. బయటివైపు అతికిస్తే నీళ్లు తగిలి పవర్ చాలావరకు పోతుంది.

సైట్ పోవడానికి లేసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కనీసం ఒక నెల ఆగి, సర్జన్ సరేనన్నాకే దిగాలి. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపి ఉంటే అది పూర్తిగా కరిగేదాకా డైవింగ్ అసలు కూడదు.

అద్దెకు తీసుకునేవాళ్లు బుక్ చేసేటప్పుడే రెండు కళ్ల పవర్ విడివిడిగా రాసి పంపి, ఆ జత ఉందో లేదో కనుక్కోండి. చాలాచోట్ల రెండు కళ్లకూ ఒకే పవర్ ఉన్న మాస్క్‌లే ఉంటాయి. చేతికిచ్చాక స్ట్రాప్ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి. పవర్ సరిగ్గా ఉన్నా, మాస్క్ అలా అంటుకుని నిలవకపోతే వేరేది అడగండి.