‘లైఫ్‌టైం ఒరిజినల్’ ఆటోక్యాడ్ కొనేవాళ్లూ, ఆగండి

మన సివిల్ ఇంజినీర్ల గ్రూపుల్లో రోజూ గుడ్ మార్నింగ్‌తో పాటు "ఆటోక్యాడ్ ఒరిజినల్, లైఫ్‌టైం, 6,500 మాత్రమే" అని ఆ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ గురించి పెడుతుంటాడే, ఆయన గురించే. దయచేసి ఇంకెవరూ డబ్బులు వేయకండి.

ఆయన ఇచ్చేది లైసెన్సు కాదు. ఎవరిదో మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్. నేనూ కొన్నాను, కొన్నాళ్లు బాగానే నడిచింది. నిన్న ఇంటి ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్లాన్‌లో సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిచేస్తుంటే సైన్ అవుట్ అయిపోయింది. సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయాలి, లాగిన్ చేస్తే పాస్‌వర్డ్ తప్పంటోంది. టెన్షన్‌తో ఫోన్ చేశాను.

"అది కాలేజీ స్టూడెంట్ ఐడీ సార్, కాలేజీ వాళ్లు తీసేసి ఉంటారు. కొత్తది 3,000" అన్నాడు, పాల ప్యాకెట్ రేటు చెప్పినట్టు. ఒరిజినల్ అన్నావు కదయ్యా అంటే నవ్వాడు. "ఆ రేటుకి ఒరిజినల్ ఎలా వస్తుందనుకున్నారు? ఇంజినీరే కదా మీరు!" పోలీసు కంప్లైంట్ ఇస్తానన్నాను. "ఇవ్వండి సార్, దొంగ సాఫ్ట్‌వేర్‌తో ఆఫీసు నడుపుతున్నారని ముందు మీ దగ్గరికే వస్తారు" అని పెట్టేశాడు. అమ్మింది ఆయన, దొంగను నేను! ఓనర్ అంతా వింటూనే ఉన్నాడు.

రాత్రి కూర్చుని చదివాను. కాపీరైట్ చట్టం 63బీ ప్రకారం పైరసీ ప్రోగ్రామని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. చట్టం ఆయనకే బాగా వచ్చు, క్లాసులు చెప్పుకోవచ్చు. ఇక స్టూడెంట్ లైసెన్సంటారా, ఏడాదికోసారి రెన్యువల్, పైగా డబ్బులు తీసుకునే పనికి అస్సలు వాడకూడదు. అసలు దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీయే ఆటోక్యాడ్‌కు కొత్త శాశ్వత లైసెన్సులు అమ్మడం 2016లోనే ఆపేసింది. లైఫ్‌టైం ఎక్కడి నుంచి తెస్తున్నాడో మహానుభావుడు!

కొనేవాళ్లు లైసెన్సు మీ సొంత మెయిల్ మీద ఉందా, జీఎస్టీ బిల్లు మీ పేరున వస్తుందా చూసుకోండి. 2డీ ప్లాన్లకు ఆటోక్యాడ్‌లోనే తక్కువ రేటు వెర్షన్ ఎల్‌టీ చాలు. ఏటా కట్టలేమంటే బ్రిక్స్‌క్యాడ్ లాంటి వేరే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లకు శాశ్వత లైసెన్సులున్నాయి.

ఇప్పటికే ఆయన ఐడీ వాడుతున్నవాళ్లు, ఆ అకౌంట్ క్లౌడ్‌లో డ్రాయింగులు పెట్టి ఉంటే ఈ రాత్రికే మీ సిస్టమ్‌లోకి దించుకోండి. నావి పోయాయి.